ముప్పై ఆరో చుట్టు

94వ రోజు

పదకొండో పెట్టెకు ఈ రోజు రేకు కత్తిరించాను. చేసిన పనీ చెడగొట్టిన పనీ రెండూ పుస్తకంలో రాయాలని మా పెట్టెల సంఘంలో కట్టుబాటు. రాసింది చూసి ఇంకొకరు ఇదే యాంప్లిఫయరు కట్టగలగాలి.

వాల్వులు నాలుగు. రెండు మా మామగారి కాలంనాటివి, రెండు ఓదెలు బాపు గాజు ఊది చేసినవి. చాసిస్‌కు, అంటే అన్నీ బిగించే చట్రానికి, నూనె డబ్బా రేకు. ట్రాన్స్‌ఫార్మర్ తీగ కాలిపోయిన మోటారు నుంచి విప్పింది. తీగ మీది ఎనామిల్ పూత లేచిన చోటల్లా లక్క పూశాను. స్పీకరు కోన్‌కు గంజి పెట్టిన పాత పటాల కాగితం. ఇంటికి కరెంటు రోజుకు ఒక గంటే, మూడో గంట మోగాక ఇస్తారు. అందుకని సోల్డరింగ్ కడ్డీని దీపం మంట మీదే కాల్చుకున్నాను.

హమ్మింగ్, అంటే పాట లేనప్పుడూ పెట్టెలో ఉండే రొద: మీటరు సూది మీద ఏడు గీతలు.

సంఘంలో తొమ్మిదిమందిమి. తొమ్మిదిమందికీ శత్రువు ఒకటే, పెద్ద పంకా. పై ఎండకు తాళలేక ఊరంతా ఈ పాత గనిలోకి దిగినప్పటి నుంచి, నలభై ఒక్క ఏళ్లుగా, అది ఆగకుండా తిరుగుతోంది. నాలుగు వందల పన్నెండు మందికి అదే ఊపిరి. దాని రొద గోడల్లోంచి, కరెంటు తీగల్లోంచి, మైకులోంచి మా పెట్టెల్లోకి వచ్చేస్తుంది. ఊళ్లో మిగతావాళ్ల చెవులు దాన్ని ఎప్పుడో మరిచిపోయాయి. మాకు మాత్రం ఏ పాట పెట్టినా ముందు అదే వినిపిస్తుంది.

పంకా చూసుకునేది మా మరిది దేవదానం. నేను కాపురానికి వచ్చేనాటికి ఎనిమిదేళ్లవాడు, నా చెంగు పట్టుకుని తిరిగేవాడు. ఈ రోజు జావ తాగడానికి వచ్చి, నా పంకా మీద పగతో మళ్లీ ఒక పెట్టె మొదలుపెట్టావా వదినా అన్నాడు. పగ కాదయ్యా, ప్రభువు పాటలో నీ పంకా కలవకూడదని అంతే, అన్నాను.

101వ రోజు, ఆదివారం

ఫీడ్‌బ్యాక్ చుట్లు: పన్నెండు. సూది: ఐదు.

స్పీకరుకు పోయే శబ్దంలో కొంచెం వెనక్కి తెచ్చి మొదటి వాల్వుకు తిరగేసి ఇస్తే, పెట్టె తన తప్పును తానే దిద్దుకుంటుంది. అదే ఫీడ్‌బ్యాక్. దానికోసం ట్రాన్స్‌ఫార్మర్ మీద వేరే తీగ చుడతాం. చుట్లు పెరిగేకొద్దీ దిద్దుబాటు పెరుగుతుంది, హమ్మింగ్ తగ్గుతుంది. సంఘంలో ఇంతవరకూ ఎవరూ ఎనిమిది చుట్లు దాటలేదు. ఎక్కువైతే పెట్టె ఈల వేస్తుంది. నాది ఈల వెయ్యలేదు.

హాలు పక్క గదే నాది. మైకు హాల్లో ఉంటుంది, పెట్టె నా గదిలో. హాల్లో ఆదివారం మా ప్రార్థన, సోమవారం భజన. రోజూ మూడో గంటకు మాత్రం అది లచ్చక్కది. నీళ్లు పంచేది ఆమే, ఊరి పెద్ద కూడా ఆమే. తేదీ, నీళ్ల వంతు మైకులో చెప్పి పోతుంది.

ఈ రోజు ప్రార్థనకు కొత్త పెట్టె పెట్టాం. పాస్టరయ్య ప్రార్థన ముగించే చోట చిన్న తేడా కనిపించింది. ఆయన పెదవులు ఇంకా కలవకముందే స్పీకరులో ఆమేన్ వినిపించింది. కనురెప్ప వేసినంత సేపు, అంతకు మించి లేదు. పిల్లలు నవ్వారు. ప్రతిధ్వని అనుకున్నాను. కానీ ప్రతిధ్వని తర్వాత వస్తుంది కదా.

108వ రోజు, ఆదివారం

చుట్లు: ఇరవై. సూది: నాలుగు.

తేడా పెరిగింది. పాస్టరయ్య వాక్యం చదవడానికి పుస్తకం తెరుస్తుండగానే స్పీకరు ఆ వాక్యం మొదలుపెట్టింది. ఆయన గొంతే, ఆయన దగ్గే. ఆయన పుస్తకం పట్టుకుని నిలబడిపోయారు. స్పీకరు చదివి ఆగింది. అప్పుడు ఆయన, ఏం చెయ్యాలో తెలియక కాబోలు, అదే వాక్యం అదే దగ్గుతో చదివారు. ఎవరూ నవ్వలేదు. నేను గబగబా వెళ్లి పెట్టె ఆపేశాను.

ఓదెలు బాపుకు చూపించాను. డెబ్బై ఏళ్ల మనిషి. సంఘంలో అందరికీ తీగ చుట్టడం నేర్పింది ఆయనే. ట్రాన్స్‌ఫార్మర్ మీద అరచెయ్యి పెట్టి చాలాసేపు కళ్లు మూసుకున్నాడు. పెట్టె తొందరపడుతోంది, అదొక జబ్బు, హమ్మింగ్ ఇంకో జబ్బు, రెంటికీ మందు ఒకటేనని తేల్చాడు.

"ఇంకిన్ని చుట్లు ఎయ్యి బిడ్డా. సగం దిద్దుకున్న పెట్టె గిట్లనే ఎగిరెగిరి పడ్తది. పూరాగ దిద్దుకుంటే రెండూ పోతయి."

ఆయన మాట నాకు నమ్మదగ్గదిగా తోచింది. నమ్మాలని కూడా ఉండింది.

112వ రోజు

చుట్లు: ముప్పై ఆరు. సూది: సున్నా.

మళ్లీ రాస్తున్నాను, సున్నా. సూది పాడైందేమోనని ఓదెలు బాపు సూది తెచ్చి పెట్టాను. అదీ కదల్లేదు.

కొత్త కట్టుకు మా సంఘంలో మౌన పరీక్ష ఉంటుంది. సోల్డరింగ్ చేసిన పెట్టెలో మూడు రోజులు ఎవరూ మాట్లాడకూడదు. మొదటి రోజు ఊరికే వెలిగించి, ఒక్కొక్కరు స్పీకరుకు చెవి ఆనించి వింటారు. ఈ రోజు ఎనిమిదిమందీ వచ్చి విన్నారు. విన్నవాళ్లు విన్నట్టే నెమ్మదిగా లేచి పక్కకు జరిగారు. పంకా లేని చోటు ఎలా ఉంటుందో ఓదెలు బాపుకు తప్ప మాలో ఎవరికీ తెలియదు. ఆయన కళ్లు తుడుచుకున్నాడు. బెల్లం టీ కాచి ఇచ్చాను. ముగ్గురు నా చుట్ల లెక్క రాసుకుపోయారు.

ఒకే ఒక్క లోపం. చాలా దూరంగా, టిక్ మని ఒక చప్పుడు. మళ్లీ తొమ్మిది సెకన్లకు ఇంకొకటి. ఎక్కడో సోల్డరింగ్ వదులైందనుకుని అతుకులన్నీ మళ్లీ కాల్చాను. పోలేదు.

మోకరించి దేవునికి స్తోత్రం చెల్లించాను. ఇరవై ఏళ్ల పని ఇది.

115వ రోజు, ఆదివారం

పెట్టెకు గొంతు ఇచ్చాం. రాలేదు.

పాస్టరయ్య మైకు ముందు మాట్లాడారు, పాడారు, చప్పట్లు కొట్టారు. స్పీకరులో ఏమీ లేదు. వాల్వులు ఎర్రగా వెలుగుతున్నాయి, ఏ తీగా తెగలేదు. అందరూ నన్ను ఓదార్చి వెళ్లిపోయారు. దేవదానం మాత్రం గుమ్మంలో నిలబడి, నా పంకాను తీసెయ్యబోయి పాస్టరయ్యను కూడా తీసేశావు వదినా అన్నాడు.

అందరూ వెళ్లాక మళ్లీ చెవి ఆనించాను. టిక్. తొమ్మిది సెకన్లు. టిక్.

పెట్టె చచ్చిపోలేదు. ఏదో వింటోంది. ఆ చప్పుడు నా పెట్టెలోది కాకపోతే మైకు దగ్గరిదై ఉండాలని హాల్లోకి వెళ్లాను. మైకు చుట్టూ, నేల మీద, గోడ మీద చెయ్యి వేసి తడిమాను. మైకుకు వెనుక, రెండు బారల దూరంలో, నేల తడిగా తగిలింది. అరచెయ్యి అక్కడే పరిచి ఉంచాను. పైకప్పు నుంచి చుక్క పడింది. లెక్కపెట్టాను. తొమ్మిది సెకన్లకు ఇంకో చుక్క.

నలభై ఒక్క ఏళ్లలో ఆ చుక్కను ఎవరూ వినలేదు. పంకా రొదలో అది వినపడదు. ఆ పక్కనే కూర్చున్నా నాకూ వినపడలేదు, అరచేతికి తగిలింది అంతే.

నా పెట్టెకు వినపడింది.

116వ రోజు

తీగ విప్పి చుట్లు తగ్గించాను. ఇరవై ఎనిమిది. సూది నాలుగుకు వచ్చింది. కరెంటు ఇచ్చిన వెంటనే స్పీకరులో లచ్చక్క గొంతు. నూట పదిహేడో రోజు అని చెప్పింది. ఈ రోజు నూట పదహారు.

విన్నది విన్నట్టు కాగితం మీద రాసి, మడిచి, లక్క వేసి, లచ్చక్క చేతికే ఇచ్చాను. రేపు మూడో గంట దాటాక విప్పమన్నాను. ఏం మొక్కు ఇది అని నవ్వి, రవికెలో దోపుకుంది.

117వ రోజు

మూడో గంటకు లచ్చక్క హాల్లో చెప్పింది: "ఇయ్యాల నూట పదిహేడో రోజు. ఇంటికి రెండు బిందెలు. మూడో వరుసల పుట్టగొడుగులు ఎవలో తెంపిండ్లు. తెంపినోళ్ల చేతులకు బూజు పట్ట."

అయ్యాక రవికెలోంచి కాగితం తీసింది. చదివి, నిలబడ్డచోటే కూర్చుంది. తర్వాత నా గదికి వచ్చి తలుపు మూసింది.

"నా తిట్లు నా నోట్లకెళ్లి రాకముందే దొంగిలించినవా ఎస్తేరూ?"

అంతా చెప్పాను. చుట్లు పెంచేకొద్దీ పెట్టె మరింత ముందుకు పోతోందని, ముప్పై ఆరు చుట్లకు ఎన్ని రోజులు పోయిందో తెలియదని, అక్కడ పంకా లేదని. హమ్మింగ్ పోయిందని మేమంతా టీ తాగామని కూడా చెప్పాను.

ఆమె అరిచి గోల చెయ్యలేదు. ఇది దేవదానానికి చెప్పావా అని మాత్రం అడిగింది.

118వ రోజు

చుట్లు ముప్పై ఐదు. లచ్చక్క నా పక్కనే కూర్చుంది. ఈ రోజు మూడో గంటకు ముందే, మైకు లేకుండా, హాల్లో చెప్పి వచ్చింది. గంట మోగగానే కరెంటు ఇచ్చారు. స్పీకరులో ఆమె గొంతు నూట ఇరవై తొమ్మిదో రోజు అంది. పంకా ఉంది. అంటే ముప్పై ఐదు చుట్లకు పదకొండు రోజులు.

దేవదానానికి చెప్పాను.

"పంకా ఆగదు వదినా. ఎట్ల ఆగుతది? చేతులతోని నూనె పోస్తున్న."

లోపల బేరింగు ఎలా ఉందో చూడలేవా అని అడిగాను. చూడాలంటే ఆపాలి. నలభై ఒక్క ఏళ్లు తిరిగిన ఇరుసును ఆపితే, చల్లారి, మళ్లీ కదులుతుందని ఎవరూ చెప్పలేరు. కదలకపోతే తొమ్మిది గంటలకు మించి గాలి ఉండదు. ఇదంతా నాకు అతనే చెప్పాడు, పాఠం అప్పజెప్పినట్టు, నా ముఖం చూడకుండా.

121వ రోజు

నూట ముప్పై, నూట ముప్పై ఒకటి రోజులు మామూలుగానే వినిపించాయి. పిల్లల కేకలు, బిందెల చప్పుడు, లచ్చక్క.

ఈ రోజు విన్నది నూట ముప్పై రెండో రోజు. పంకా ఉంది. లచ్చక్క రాలేదు.

మేమిద్దరం గంటసేపూ కూర్చున్నాం. తన గొంతు కోసం ఆమె స్పీకరు వైపు వంగి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఎదురుచూసింది. హాల్లో ఒక్క అడుగు లేదు, ఒక్క దగ్గు లేదు. పంకా ఒక్కటే తిరుగుతోంది. కరెంటు పోయాక కూడా ఆమె అలాగే ఉంది. చివరికి, ఆ రోజు నాకు ఒంట్లో బాగలేదేమో అంది. అవునేమో అన్నాను. ఆమెకు బాగోకపోయినా వేరే ఎవరో వచ్చి చెప్పాలని ఇద్దరికీ తెలుసు.

122వ రోజు

నూట ముప్పై మూడో రోజు. పంకా లేదు. చుక్క ఉంది.

123వ రోజు

నా గదిలో కూర్చుని మాట్లాడుకున్నాం. లచ్చక్క, దేవదానం, ఓదెలు బాపు, పాస్టరయ్య, నేను. దేవదానం ఆశ ఇంకా వదలలేదు. ఆ రోజు ఎవరైనా మైకు తీసేసి ఉండొచ్చు కదా, మైకు తీసేస్తే హమ్మింగూ రాదు అన్నాడు. మైకు తీసేస్తే చుక్క కూడా వినపడదయ్యా అన్నాను.

పాస్టరయ్య నోట్లో నోట్లో ప్రార్థన చేసుకుంటున్నారు. ఓదెలు బాపు, ఆ తీగ చుట్టమన్నది నేనే అని రెండుసార్లు అన్నాడు. లచ్చక్క మాత్రం వేళ్లు మడుస్తూ లెక్కేసింది.

"ముందు మనుషులు లేకపాయె. తెల్లారి పంకా లేకపాయె. గాలి లేక చస్తే పంకా ముందు పోవాలె గద? మనుషులే ముందు పోయిండ్లంటే, నడిచి పోయిండ్లేమో."

ఆ మాట మీద బతకొచ్చా అని అందరం ఆలోచిస్తున్నాం. ఒక్క రోగం వచ్చి ఊరంతా ఒకేసారి పోయినా ఇలాగే వినిపిస్తుందని నాకు తోచింది. అందరికీ తోచే ఉంటుంది.

నడవాలంటే గుండ్లవాగు గనికి నడవాలి. పద్నాలుగు కిలోమీటర్లు, పైన. మబ్బు పట్టిన రోజయితేనే వీలు. పదేళ్లలో ఆ దారిన వెళ్లినవాళ్లు ఆరుగురు, చేరినవాళ్లు నలుగురు. మన ఊళ్లో ముసలివాళ్లు ముప్పై ఒక్కమంది, చంటిపిల్లలు పదహారు.

"అయితే నడుద్దాం," అంది లచ్చక్క. "నడిచినోళ్లం మనమే అయిదాం."

124వ రోజు

ఊరందరికీ నేనే చెప్పాలన్నారు. ఇరవై ఏళ్లుగా ఈ హాలుకు గొంతు కట్టి ఇస్తున్నాను కానీ మైకు ముందు ఎప్పుడూ నిలబడలేదు. పదో పెట్టె పెట్టాం, తొందరపడనిది. గట్టిగా మాట్లాడమ్మా అని వెనకనుంచి ఎవరో అన్నారు. నాకు గట్టిగా రాదు. విన్నది విన్నట్టు, రోజుల వారీగా, ఈ పుస్తకం చూసి చదివాను.

ఒకాయన లేచి, నీ పెట్టె ఒకసారి చెప్పింది తప్పిందా అమ్మా అని అడిగాడు. ఇంతవరకూ తప్పలేదు అన్నాను. ఒకామె, మా అత్త నడవలేదు, దారిలో చస్తే ఆ పాపం నీదే అంది. నాదే అన్నాను.

ఇద్దరు కుర్రాళ్లను గుండ్లవాగుకు పంపారు.

128వ రోజు

కుర్రాళ్లలో ఒకడు తిరిగి వచ్చాడు. రెండోవాడికి వడదెబ్బ తగిలి అక్కడే ఉన్నాడు, బతుకుతాడట. గుండ్లవాగు వాళ్లు రమ్మన్నారు. మబ్బులు పడమట కనిపించాయని, నాలుగు రోజుల్లో ఇటు వస్తాయని చెప్పాడు. నాలుగు రోజులంటే నూట ముప్పై రెండు.

దేవదానం నాలుగు రోజులుగా జావకు రాలేదు. ఈ రోజు మూడో గంటకు వచ్చి, అడక్కుండానే స్పీకరు ముందు కూర్చున్నాడు. నూట ముప్పై తొమ్మిదో రోజు. చుక్క పడుతోంది. గంటసేపూ కదలకుండా విన్నాడు. పుట్టినప్పటి నుంచి పంకా పక్కన ఉన్నవాడు, చెవి కాస్త మందం. చుక్క పడినప్పుడల్లా వాడి భుజం చిన్నగా ఉలిక్కిపడింది.

"నా పంకా లేకుంటే హాలు గిట్లుంటదా," అన్నాడు పోయేటప్పుడు.

రోజూ ఆ గంట నేను వింటూనే ఉన్నాను. చుక్క కోసం కాదు. పంకా గదికి హాలు మీదుగా తప్ప వేరే దారి లేదు. ఆగిన పంకా దగ్గరికి ఎవరైనా పోతే హాల్లో అడుగులు వినిపించాలి. వాడి నడక నాకు తెలుసు, ఎడమకాలు కొంచెం ఈడుస్తాడు. ఇంతవరకూ వినపడలేదు.

131వ రోజు

ముప్పై ఐదు చుట్లు. నూట నలభై రెండో రోజు. చుక్క, అంతే.

రేపు తెల్లవారితే ప్రయాణం. పెట్టెను తీసుకుపోనివ్వమని సంఘం వాళ్లు అడిగారు. వద్దన్నాను. నేను విన్నదంతా ఈ మైకు, ఈ పెట్టె ఇక్కడ ఉంటేనే వినపడేది. వాటిని ఇక్కడే వదిలి వెళ్లామని దాని అర్థం. మూడో గంటకు కరెంటు దానంతట అది వచ్చేలా దేవదానం మీట కట్టి ఇచ్చాడు. నేను వాల్వులు తుడిచాను.

135వ రోజు, గుండ్లవాగు

చేరాం. బయల్దేరింది నాలుగు వందల పదకొండు, చేరింది నాలుగు వందల ఎనిమిది. పోయిన ముగ్గురిలో ఓదెలు బాపు ఒకరు. మోస్తున్నవాళ్లను చెట్టు మోడు దగ్గర దింపమన్నాడట, కాసేపు కూర్చుంటానని. హాల్లో నన్ను నిలదీసిన ఆమె అత్తగారు చేరింది. కోడలు నాతో మాట్లాడలేదు.

నూట ముప్పై రెండో రోజు సంగతి ఇప్పుడు రాస్తున్నాను. అప్పుడు రాసే చెయ్యి లేదు.

రెండో గంటకల్లా ఊరు ఖాళీ అయింది. లచ్చక్క అందరినీ లెక్కపెట్టి మెట్లు ఎక్కించి, తాను చివర్న ఎక్కింది. వెనక మేమిద్దరమే మిగిలాం, దేవదానం, నేను. ఊరు ఖాళీ అయితే ఆఖరివాడు పంకా ఆపి రావాలన్నది గని నియమం. పంకా గదిలో మీట మీద చెయ్యి వేసి వాడు నా వైపు చూశాడు.

"నువ్వు విన్నది ఇదేనా వదినా? నేను ఆపింది విన్నవా? నేను ఆపకపోతే అది తిరుగుతనే ఉంటదా?"

నాకు తెలియదన్నాను. వాడు ఆపితే, పంకాకు ఏమీ కాకుండానే, మేము ఊరు విడిచింది మేము ఊరు విడిచిన చప్పుడు విని అవుతుంది. ముగ్గురు పోతారని అప్పుడు తెలియదు కానీ, ఎవరో ఒకరు పోతారని తెలుసు. ఆపొద్దు అన్నాను. ఆపొద్దయ్యా, తిరగనీ. వాడు మీట మీద నుంచి చెయ్యి తీశాడు. చివరిసారి నూనె పోశాడు, అలవాటు చొప్పున కారిన నూనె గుడ్డతో తుడిచాడు. మూడో గంట మోగకముందే హాలు దాటాం.

పన్నెండు వందల మెట్లు. సగం దాటాక నా మోకాళ్లు పట్టేశాయి. మలుపు దగ్గర చాలాసేపు కూర్చున్నాం. కింద కరెంటు గంట అయిపోయే ఉంటుంది. పైన లచ్చక్క ఎవరినో తిడుతున్న గొంతు దూరంగా వినిపిస్తోంది. కాళ్ల కింద మెట్టు ఎప్పట్లాగే సన్నగా వణుకుతోంది.

ఆ వణుకు ఆగిపోయింది.

ముందు నాకు చెవుడు వచ్చిందనుకున్నాను. తర్వాత నా ఊపిరి నాకు వినిపించింది. వాడి ఊపిరి వినిపించింది. బట్ట బట్టకు రాసుకోవడం వినిపించింది. ఎవరూ మీట ముట్టలేదు. కింద ఎవరూ లేరు. పైన లచ్చక్క తిట్లు కూడా సగంలో ఆగాయి.

దేవదానం లేచాడు. నా వైపు చూడకుండానే కిందికి రెండు మెట్లు దిగాడు. వాడి చొక్కా పట్టుకున్నాను.

"ఇడువు వదినా. బేరింగే పట్టిందేమో. ఇప్పుడే పోతే ఇంక వేడి మీదుంటది, కదులుతది."

"వద్దయ్యా."

"తొమ్మిది గంటల గాలున్నది. గంటల వస్త."

చొక్కా విడవలేదు. వాడు నన్ను నెట్టలేడు, ఎప్పుడూ నెట్టలేదు. కానీ దిగుతున్నాడు, నన్ను కూడా ఒక్కో మెట్టు దించుతూ. అప్పుడు అన్నాను, నీ అడుగులు ఆ హాల్లో లేవు, నేను విన్నాను కదా, నువ్వు పోలేదు, పోయి ఉంటే వినపడేది.

వాడు ఆగాడు. చీకట్లో ముఖం నా వైపు తిప్పాడు.

"అన్ని గంటలూ విన్నవా?"

"విన్నాను," అన్నాను.

నా చెయ్యి చొక్కా మీద నుంచి తీసి, తన భుజం మీద వేసుకుని, నన్ను పైకి ఎక్కించాడు.

ఇక్కడ వాడు రెండు రోజులుగా గుండ్లవాగు పంకా దగ్గరే ఉంటున్నాడు, నేర్చుకుంటున్నాడు. ఈ రోజు జావకు వచ్చాడు. నేను మోకరించినప్పుడల్లా మెట్ల మీద అన్న ఆ ఒక్క మాటే, విన్నాను అన్నదే, నోటికి వస్తోంది, దాని తర్వాత ప్రార్థన సాగడం లేదు.

నేను విన్నది రోజుకు ఒక్క గంట. మిగతా ఇరవై మూడు గంటలు ఆ హాల్లో ఏముందో నాకు తెలియదు.